ఎనిమిది రెట్లు

యానాం,
ఆదివారం.

యేసు మరియ యోసేపులకు స్తోత్రం.

ప్రియమైన తెరేసా అక్కకు నీ తమ్ముడు లూయిస్ ప్రేమతో వ్రాయునది. ఇక్కడ నేను, దివ్య, పాప ఒంట్లో బాగానే ఉన్నాం. మఠంలో నువ్వూ, మీ సిస్టర్లందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఎప్పుడూ అయితే "ఇక్కడ అందరం క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చేసి కబుర్లలో పడిపోయేవాణ్ణి. ఈసారి "అందరం" అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ సంగతికి మెల్లగా వస్తాను. నువ్వు చివరిదాకా ఓపికగా చదువు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని కోప్పడి ఉంటావు. మీకు కోపం పనికిరాదు కాబట్టి దాన్ని కూడా ప్రార్థనలో కలిపేసి ఉంటావు. ఫోను గుమ్మం దాటి లోపలికి రాని మఠంలో నువ్వుండబట్టే ఈ రోజుల్లో కూడా నాకు కాగితం మీద రాసే అలవాటు మిగిలింది. పోస్టాఫీసులో కవర్లమ్మే ఆయన నన్ను చూడగానే "సిస్టరమ్మ గారికాండీ?" అని కవరు ముందే తీసి పెడతాడు. వచ్చిన ఉత్తరాలు ముందు విప్పి చదివే మీ మదర్ గారు తమిళావిడ కావడం కూడా ఈసారి మంచిదే అయింది. ఈ ఉత్తరం నువ్వు తప్ప ఎవరూ చదవలేరు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అగ్రహారంలో మన ఇల్లు ఈ వానలకి కారడం లేదు. మేస్త్రీ మూడుసార్లు మాట తప్పి నాలుగోసారి వచ్చాడు, వచ్చినందుకు పని మాత్రం బాగా చేశాడు. అమ్మ సమాధి చుట్టూ గడ్డి పీకించి సున్నం వేయించాను. పాప ఏడో తరగతికి వచ్చింది. నువ్వు పంపిన జపమాల మెడలో వేసుకుని స్కూలుకి పోతానని పేచీ పెడితే దివ్య తిట్టి దేవుడి పటం దగ్గర పెట్టించింది. పాపసంకీర్తనానికి వెళుతున్నావా, లేక ఎప్పటిలాగే ఈస్టరుకి చుట్టపుచూపుగా వెళ్ళి వస్తున్నావా అని అడిగావు. మొన్న వెళ్ళాను అక్కా. వెళ్ళి, ఫాదర్ గారి ముందు చెప్పుకోవాల్సిన పాపమొక్కటి తప్ప మిగతావన్నీ చెప్పుకుని వచ్చేశాను. ఆయన ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. అవి చెప్పుకుంటూ ఉంటే నామీద నాకే అసహ్యం వేసింది.

"బ్యాండ్‌విడ్త్ కొలుస్తున్నానని రాశావు, అదేమన్నా గుడ్డా, మీటరుతో కొలవడానికి?" అని ఎగతాళి చేశావు కదా, అది చెబితే గానీ మిగతాది నీకు అర్థం కాదు. మనం చిన్నప్పుడు వీధి చివర కుళాయి ఉండేది. గొట్టం సన్నం, బిందెలు బోలెడు. ఆఫీసుకి వచ్చే ఇంటర్నెట్ లైను కూడా అటువంటి గొట్టమే. మా రొయ్యల ఎగుమతి కంపెనీలో మేడ మీద ఇరవై రెండు కంప్యూటర్లు, వెనక షెడ్డులో తూకం, ప్యాకింగు జరిగేచోట ఒక వైఫై డబ్బా. అందరికీ కలిపి నలభై లైను. నలభై ఏమిటని అడక్కు, గొట్టం లావనుకో. వేసవి నుంచి పదకొండున్నర అయ్యేసరికి మేడ మీద అందరి పనీ ఆగిపోయేది. సరిగ్గా పై దేశాలకి సరుకు కాగితాలు పంపే వేళ అది. అందరూ నామీద పడేవాళ్ళు. కంప్యూటర్లకీ తీగలకీ ఆఫీసులో దిక్కు నేనొక్కణ్ణే కదా.

మా యజమాని శ్రీరామచంద్రమూర్తి గారు నన్ను పిలిచారు. "ఏవండీ లూయిస్, లైను వాళ్ళు రెండొందలది తీసుకోమంటున్నారు. తీసుకుందాం, దానికేం. కానీ అసలీ నలభై ఎవరు తాగేస్తున్నారో ముందు చూడండి. తూకం వెయ్యకుండా సరుకు కొంటామా మనం?" అన్నారు. మాట సబబుగా ఉంది. పైగా నాకు ఉషారు కూడా పుట్టింది. ఏ కంప్యూటరు ఎంత వాడుతోందో లెక్కగట్టే ప్రోగ్రాము పెట్టి రెండు వారాలు కొలిచాను. తెరమీద మొత్తం లైను గీత పొద్దున్నంతా నేలబారుగా నడిచి, పదకొండున్నరకి నిట్టనిలువుగా లేచి, ఒంటిగంటన్నర దాకా దిగేది కాదు. మేడ మీద అన్ని కంప్యూటర్లూ కలిపినా ఏడు దాటడం లేదు. మిగతాది ఎటు పోతోందో అర్థం కాలేదు.

షెడ్డులో వైఫై డబ్బా లెక్క దానంతటదే మేడ మీదకి రాదు. ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికే వెళ్ళి చూడాలి. చేపల వాసనకి బద్ధకించి రోజులన్నీ గడిపేసి ఆఖరి బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను.

అక్కడ తూకం దగ్గర ప్రకాశరావు గారు ఉన్నారు. మన సుశీల టీచర్ గారి భర్తే. పాతికేళ్ళుగా ఆ తూకం ఆయనదే. కాటా అంకెలు కనబడే డబ్బాకి ఫోను ఆనించి పెట్టుకుని, వీడియో తెరిచి ఉంచారు. తెరమీద టీచర్ గారు. కాకినాడ ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఆయన ట్రే ఎక్కించడం, అంకె రాయడం, ఒకసారి ఫోను వంక చూడడం. నన్ను చూసి కాస్త సిగ్గుపడ్డారు.

"ఆయ్, ఏం లేదు లూయిస్ బాబూ. నాలుగ్గంటలు అలా కదలకుండా పడుకోవాలి కదా, ఆవిడికి భయం. కళ్ళు తెరిచినప్పుడు నేను కనపడితే చాలంట."

మా మాటలకి టీచర్ గారు కళ్ళు తెరిచారు. "ఎవరది, లూయిసా? అక్క ఉత్తరం రాసిందా?" అని అడిగారు. రాసిందండీ అన్నాను. "ఒత్తులు సరిగ్గా రాస్తోందా ఇప్పుడైనా?" అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం. మూడో తరగతిలో నీ చేత భూమికి ఒత్తు వందసార్లు రాయించిన సంగతి ఆవిడ మరిచిపోలేదు.

నవ్వుతూనే నేను ల్యాప్‌టాప్ తెరిచాను. డబ్బా లెక్కలో ఆయన ఫోను పేరు ఉంది. భార్యాభర్తల పేర్లు రెండూ కలిపి పెట్టుకున్నారు. దాని ఎదురుగా నాలుగు అని ఉంది. డబ్బా చెప్పే కొలత వేరు, లైను కొలత వేరు. ఎనిమిదితో హెచ్చించాలి, ఏళ్ళ తరబడి నేను చేస్తున్నదే. హెచ్చించాను. ముప్ఫై రెండు. మేడ మీద ఏడు. మొత్తం ముప్ఫై తొమ్మిది, లైను నలభై. అంత చక్కగా సరిపోయిన లెక్కని మళ్ళీ చూసుకోవాలని ఎవరికి అనిపిస్తుంది చెప్పు. ఆయన ఎందుకు ఫోను పెట్టుకున్నారో కళ్ళారా చూసి కూడా, మర్నాడు యజమాని గారికిచ్చిన కాగితంలో ఆయన పేరు రాశాను. కొలతలో వచ్చింది రాయడం నా పని అని సమర్థించుకున్నాను.

యజమాని గారు ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. సోమవారం నుంచి గేటు దగ్గర రొయ్యలు పట్టే నీలం ట్రే ఒకటి పెట్టించారు. షెడ్డులోకి వెళ్ళేవాళ్ళు ఫోన్ల మోత ఆపేసి అందులో పెట్టి వెళ్ళాలి. కొత్త లైను మాట పక్కన పెట్టారు. ప్రకాశరావు గారు అందరికంటే ముందు వచ్చి తన ఫోను పెట్టారు. తర్వాత మేడ ఎక్కి వచ్చి ఒక్కొక్క బల్ల దగ్గరా నిలబడి, "నాకు తెలవలేదండీ, నావల్ల మీ అందరి పనీ ఆగిపోయిందంట, ఏమీ అనుకోకండీ" అని చెప్పుకుంటూ తిరిగారు. తనకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాళ్ళకి కూడా చెప్పారు. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి నేను తెరలోకి తల దూర్చేసి "పర్లేదండీ" అన్నాను.

ఇక నువ్వడిగినవాటిలో ఆఖరిది. "సుశీల టీచర్ గారికి ఎలా ఉంది, మేమంతా రోజూ ప్రార్థిస్తున్నాం" అని రాశావు. అక్కా, టీచర్ గారు లేరు. పోయిన నెల రెండో శుక్రవారం డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయి వెళ్ళిపోయారు. ఆసుపత్రివాళ్ళు చెయ్యాల్సిందంతా చేశారు. ఆవిడ ఫోను నుంచి నర్సమ్మ ఏడుసార్లు ప్రకాశరావు గారికి చేసింది. ఆ ఫోను గేటు దగ్గర ట్రేలో ఉంది. భోజనాల వేళ బయటికి వచ్చి ఆయన ఫోను తీసి చూసుకున్నారు. నేనే బండి మీద కాకినాడ తీసుకెళ్ళాను. దారి పొడుగునా నా భుజం పట్టుకుని కూర్చున్నారు. మేం వెళ్ళేసరికి ప్రాణం పోయి గంట దాటింది. "ఫోను ఎదురుగా పెట్టమన్నారండీ. పెడితే మా ఆయన కనపడతారు అన్నారు. పెట్టాం. ఎవరూ ఎత్తలేదు" అని నర్సమ్మ చెప్పింది. ఆ మాట వినకుండా చెవులు మూసుకుందామనిపించింది. ఆయన మాత్రం విని తల ఊపారు.

మెట్టకూరులో వాళ్ళ ప్రొటెస్టెంటు చర్చి తరఫున సమాధి చేశారు. సొంత పిల్లలు లేరు కదా, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే అన్నీ చేశారు. నీ పేరున కూడా నేను గుప్పెడు మట్టి వేశాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఇంతవరకూ రాసింది ఎవరో ఒకరి ద్వారా నీకు తెలిసేదే. ఇకపైది నేను చెబితే తప్ప తెలియదు.

నా లెక్క తప్పు అక్కా. ఎనిమిదితో హెచ్చించాల్సింది పాత డబ్బా లెక్కని. పోయిన ఏడాది పిడుగు పడి అది కాలిపోతే నేనే కొత్తది తెచ్చి బిగించాను. కొత్తది లైను కొలతలోనే చూపిస్తుంది, దేనితోనూ హెచ్చించక్కర్లేదు. అలవాటుగా హెచ్చించేశాను. నువ్వు జపమాల చెప్పుకుంటూ ఒక్కో పూసని ఎనిమిది పూసలుగా లెక్కపెడితే ఎలా ఉంటుందో అలాగ. ఆయన ఫోను వాడింది నాలుగు. నలభైలో నాలుగంటే ఎవరికీ అడ్డం కాదు. పైగా డయాలసిస్ వారానికి మూడు రోజులే, గీత లేచేది రోజూ; అది కూడా నాకు తట్టలేదు.

మరి మిగతా ఇరవై ఎనిమిదీ ఎవరు తాగారంటావేమో. నేను. వేసవిలో ఆఫీసుకీ షెడ్డుకీ కలిపి పదహారు కెమెరాలు బిగించాను. ఆ బొమ్మలన్నీ రోజుకొకసారి బయట దాచే చోటికి పంపేలా ఏర్పాటు చేశాను. అందరూ వెళ్ళిపోయాక రాత్రి పదకొండున్నరకి పంపాలని నా ఉద్దేశం. రాత్రి అని మార్చకుండా పగలే ఉంచేశాను. ఆ బొమ్మలు పంపే పెట్టెని నేను ఒక్కో కంప్యూటరునీ కొలిచే చోటుకి అవతల తగిలించాను కాబట్టి అది నా లెక్కలోకి రానేలేదు. ఊళ్ళో అందరినీ కొలిచి నన్ను నేను వదిలేశాను.

ఇది తెలియక చేసిన తప్పు. ఇంతటితో అయిపోతే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాయక్కర్లేదు. ట్రే పెట్టి, ఫోన్లన్నీ గేటు దగ్గరే ఉన్నా, మూడో రోజు బుధవారం దాకా పదకొండున్నరకి గీత లేస్తూనే ఉంది. అప్పుడు వెతికాను, అప్పుడే అంతా బయటపడింది. తలుపు వేసుకుని కెమెరాల టైము రాత్రికి మార్చేశాను. మర్నాడు లైను గాలిలా నడిచింది. యజమాని గారు అందరిలోనూ నా భుజం తట్టి, "చూశారా, లూయిస్ గారు కొలిచి చెప్పబట్టి తెలిసింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు కూడా అలాగే అనుకున్నాను. అలా తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు శుక్రవారం. నేను ఒక్క మాట అని ఉంటే ఆ వేళ ఆయన ఫోను కాటా దగ్గరే ఉండేది.

టీచర్ గారు పోయాక అసలు నోరు రాలేదు. వాళ్ళ ఇంట్లో ఆదరణ కూడిక అని ఓదార్పు ప్రార్థన పెడితే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ప్రకాశరావు గారు లేచి, వచ్చినవాళ్ళకి కృతజ్ఞత చెబుతూ, "కంపెనీవారు నా తప్పు మన్నించారు" అన్నారు. అది విన్నాక ఇంట్లో అన్నం సహించలేదు. ఏమయిందని దివ్య గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశాను. "నాకు చెప్పి ఏం లాభం? వెళ్ళి ఆయనకి చెప్పు" అంది.

నిన్న పొద్దున్న యజమాని గారికి చెప్పాను. అంతా విని, లేచి గేటు దగ్గరికి నడిచి, ట్రే ఆయనే తీసి పక్కన పడేశారు. అక్కడి నుంచి తిన్నగా మెట్టకూరు వెళ్ళాను.

ప్రకాశరావు గారు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. "రా బాబూ, కూర్చో" అన్నారు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. లైను నిండింది మీ ఫోను వల్ల కాదండీ, నా లెక్క తప్పండీ, ఇలా హెచ్చించానండీ అని ఏదో చెప్పుకుపోయాను. ఆయనకి ఈ కొలతలన్నీ ఎక్కడ అర్థమవుతాయిలే అనుకున్నాను.

"అంటే ఖాళీ ట్రే బరువు తియ్యకుండా తూచేశావన్నమాట," అన్నారు.

అవునండీ అన్నాను.

"ఎప్పుడు తెలిసింది బాబూ నీకు? ఆవిడ పోయాకా, ముందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది అక్కా, నీ దగ్గర దాచను. "ముందేనండీ. తొమ్మిది రోజుల ముందే తెలుసండీ" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. తిడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. తల ఎత్తి, నా వంక కాదు, వీధి వంక చూస్తూ మాట్లాడారు.

"ట్రే పెట్టిన రోజు ఇంటికొచ్చి ఆవిడతో గట్టిగానే అన్నాను బాబూ. నీ భయం చల్లగుండా, నీ మూలంగా ఆఫీసంతా పనాగిపోయి కూచుందంట, నలుగుర్లో నా తల తీసేసినట్టయ్యింది అన్నాను. ఆవిడ ఇంకెప్పుడూ చెయ్యనండీ, నన్ను క్షమించండీ అంది. అన్న మాట మీద నిలబడింది. ఆఖరి రోజుదాకా చెయ్యలేదు. ఆ రోజు ఎంత భయపడితే నర్సమ్మని చెయ్యమందో మరి."

ఆయన కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాను. "నన్ను క్షమించండీ" అన్నాను. ఆయన క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. "మీ అక్కగారు మఠంలోనే ఉన్నారా?" అని అడిగారు. ఉన్నారండీ అన్నాను.

"మా వాళ్ళు పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు బాబూ. పోయాక ఇంక దేవుడి దగ్గరే, మనం చెప్పేదేముంది అంటారు. ఇన్నేళ్ళూ నేనూ అదే అన్నాను. మీ వాళ్ళు చేస్తారు కదా. నా నోటితో నేను చెయ్యలేను, మా పాస్టరు గారికి తెలిస్తే బాధపడతారు. ప్రార్థనలో మా ఆవిడికి ఒక మాట చెప్పమని మీ అక్కగారికి రాయి. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే కదా, మీ అక్కగారి మాటయితే ఆవిడ వింటుంది."

అందుకే ఈ ఉత్తరం అక్కా. నాకోసం ప్రార్థించమని అడగడం లేదు. నా సంగతి వచ్చే శనివారం ఫాదర్ గారి దగ్గర నేనే తేల్చుకుంటాను, ఈసారి సగం చెప్పి రాను. నువ్వు టీచర్ గారికి మాత్రం ఈ మాట అందజెయ్యి. ఆయన అన్నది అన్నట్టుగా, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"సుశీలా, నీవల్ల ఎవరి పనీ ఆగలేదంట. నువ్వు ఫోను చేసుకోవచ్చంట."

ఇట్లు,
నీ తమ్ముడు,
లూయిస్.